ఆర్‌సీ పడవలో ఎలక్ట్రానిక్స్‌కి నీటి రక్షణ: పెట్టెనా, కోటింగా, నూనెనా?

రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) పడవల్లో నా మొదటి బ్రష్‌లెస్ (బ్రష్‌లు లేని మోటారు ఉన్న) పడవలో రిసీవర్‌ని, అంటే రిమోట్ సంకేతం అందుకునే బోర్డుని, బెలూన్‌లో పెట్టి, మూతి దగ్గర జిప్ టై బిగించాను. అప్పట్లో ఎవరిని అడిగినా ఇదే చెప్పారు. మూడో ఆదివారం చెరువు మధ్యలో ఉండగా చుక్కాని వణకడం మొదలుపెట్టింది. కాసేపటికి పడవ ఒకే వైపు గిరగిరా తిరిగి ఆగిపోయింది. వల వేసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన తెప్ప మీద వెళ్లి తెచ్చి ఇచ్చారు. హ్యాచ్ (పడవ పైమూత) తీసి చూస్తే పడవ అడుగున అర గ్లాసు నీళ్లు కూడా లేవు. బెలూన్ పైన తుడిస్తే పొడిగా ఉంది. విప్పితే మాత్రం లోపల చెంచాడు నీళ్లు, అందులో నానుతూ రిసీవర్.

ఆ నీళ్లు వైర్ల వెంట వచ్చాయి. సర్వో (చుక్కానిని తిప్పే చిన్న మోటారు) వైర్లు మూడూ పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి కదా, వాటి మధ్య గాడిలో జిప్ టై ఎంత బిగించినా సందు మిగులుతుంది. పైగా వైరు లోపల సన్నటి రాగి పోగుల మధ్య నీరు, దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకుతుంది. ఒక చివర తడిస్తే రెండో చివర చెమ్మ తేలుతుంది. బెలూన్ ఆ నీటిని లోపలికి రానిచ్చింది, బయటికి పోనివ్వలేదు. వారం రోజులు మూసి ఉంచేసరికి రిసీవర్ పిన్నులు పచ్చబడ్డాయి.

అప్పటి నుంచి నేను ఆలోచించే తీరు మారింది. పడవలోకి నీరు రాకుండా ఆపడం ఒక పని. వచ్చిన నీరు బోర్డుకి హాని చేయకుండా చూసుకోవడం వేరే పని. చాలామంది మొదటి దాని మీదే డబ్బూ శ్రమా పెడతారు. రెండో దానితో మొదలుపెట్టమని నా సలహా. కింద ఉన్న పోలిక అంతా ఆ దృష్టితో రాసిందే.

ముందు మీ నీళ్లు ఎలాంటివో చూసుకోండి

మంచినీటి చెరువులో సరిపోయిన రక్షణ సముద్రంలో సరిపోదు. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మామూలు కుళాయి నీటితో పోలిస్తే అందులో కరెంటు దాదాపు 100 రెట్లు తేలిగ్గా పారుతుంది. బ్యాటరీ కలిపి ఉన్నప్పుడు రెండు పిన్నుల మధ్య ఉప్పునీరు చేరితే ప్లస్ వైపున్న లోహం కరిగిపోతూ ఉంటుంది. పిన్ను మీద కనిపించే పచ్చటి పొర అదే. చెరువు నీళ్లలో తడిసిన రిసీవర్‌ని సాయంత్రం ఆరబెట్టినా బతికే అవకాశం బాగానే ఉంటుంది. ఉప్పునీటిలో తడిస్తే అంత తీరిక ఉండదు.

మా గోదావరి జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. కొన్ని నీళ్లు చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటాయి. ఉప్పుటేరు, దానికి దగ్గర్లో ఉన్న రొయ్యల చెరువు, సముద్రపు పోటు వచ్చే కాలువ చివర, ఇవన్నీ ఎంతో కొంత ఉప్పు నీళ్లే. అనుమానం ఉంటే ఉప్పునీరు అనే అనుకుని పని చేయండి. స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి అక్కడ నడిపినా చివర్లో మంచినీళ్లతో కడగాలి.

ఇంకో మాట. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే బోర్డు) పోగానే "నీళ్లు దిగి పోయింది" అనేస్తాం. గుర్రపు డెక్క ఉన్న చెరువులో ప్రొపెల్లర్‌కి వేళ్లు చుట్టుకుంటే మోటారు తిరగలేక కరెంటు విపరీతంగా లాగుతుంది, ఈఎస్‌సీ వేడెక్కి కాలిపోతుంది. బోర్డు మీద తెల్లటి లేదా పచ్చటి పొక్కు ఉంటే నీటి పని. నల్లగా మాడి, కాలిన వాసన వస్తే ముందు ప్రొపెల్లర్‌ని, కూలింగ్ గొట్టాన్ని అనుమానించండి. కారణం తెలుసుకోకుండా కోటింగ్ వేసుకుంటూ పోతే కొత్త ఈఎస్‌సీ కూడా అలాగే పోతుంది.

నీరు వచ్చే దారులు

హ్యాచ్ అంచు అని అందరూ అనుకుంటారు. అది ఒక దారి మాత్రమే. వేగంగా వెళ్లే పడవల్లో నేను ఎక్కువసార్లు చూసింది కూలింగ్ గొట్టం ఊడిపోవడం. చుక్కాని దగ్గర్నుంచి నీరు లాగి మోటారు చుట్టూ, ఈఎస్‌సీ గుండా తిప్పి బయటికి వదిలే సిలికోన్ గొట్టం అది. ఒక్క జాయింట్ జారితే ఆ నీరంతా పడవ పొట్టలోకే పంపు కొట్టినట్టు వస్తుంది. ప్రతి జాయింట్‌కీ చిన్న జిప్ టై వేయండి. అన్నిటికంటే చవకైన నీటి రక్షణ ఇదే.

తర్వాతి దారి షాఫ్ట్ ట్యూబ్, అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్‌కి వెళ్లే ఫ్లెక్స్ షాఫ్ట్ (వంగే కడ్డీ) ఉండే గొట్టం. ఫ్లెక్స్ షాఫ్ట్‌కి మెరైన్ గ్రీజు తగ్గితే ఆ గొట్టం వెంట నీరు పైకి వస్తుంది. చుక్కానికి వెళ్లే కడ్డీ బయటికి వచ్చే చోట రబ్బరు బెల్లోస్ (మడతల తొడుగు) ఉంటుంది, ఎండకి అది చీలుతుంది. ఇక హ్యాచ్ సంగతి. పడవ గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బోర్లా పడితే, నీరు ఎదురుగా కొట్టే చోట ఆ క్షణం పీడనం సుమారు 10 మీటర్ల లోతులో ఉన్నంత ఉంటుంది. అందుకే తొట్టిలో ముంచి చూసినప్పుడు చుక్క కారని పడవ, పల్టీ కొట్టగానే నీళ్లు తాగుతుంది. హ్యాచ్ చుట్టూ టేపు వేయకుండా వేగంగా నడపకండి.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఆవిరి. మే నెల ఎండలో మూత వేసి ఉన్న పడవ లోపల వేడి గాలి నిండుతుంది. దాన్ని చల్లటి నీటిలో దించగానే లోపలి గోడల మీద చెమర్చుతుంది. ఒక్క రంధ్రం లేకపోయినా నీటి చుక్కలు కనిపిస్తాయి. ఇంటికి వచ్చాక టేపు తీసేసి, హ్యాచ్ తెరిచి, రాత్రంతా గాలికి వదలాలి.

పెట్టె, బెలూన్

బెలూన్ గురించి నా అభిప్రాయం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. కాసిన్ని తుంపర్లు పడే చోట ఒక పూటకి పనికొస్తుంది. అంతకు మించి నమ్మను. దాని మూతి దగ్గర వాసెలిన్ రాసేవాళ్లు ఉన్నారు. పెట్రోలియం జెల్లీ తగిలితే లేటెక్స్ రబ్బరు మెత్తబడి చిరుగుతుంది, అది మరీ తొందరగా పోతుంది.

గట్టి ప్లాస్టిక్ పెట్టె మెరుగు. రబ్బరు అంచున్న వంటింటి డబ్బా చిన్నది దొరికితే దాన్ని వాడుకోవచ్చు. మూత ఎలాగూ బిగుసుకుంటుంది, అసలు పరీక్ష వైర్లు బయటికి వచ్చే చోట ఉంటుంది. ట్రాక్సస్ కంపెనీ తన పడవల్లో వాడే రిసీవర్ పెట్టెని ఒకసారి గమనించండి. వైర్లని కట్టగా లాగకుండా వరసగా పరిచి, మెత్తటి ఫోమ్ మధ్య నొక్కి, సందుల్లో సిలికోన్ గ్రీజు పెడతారు. మనం చేసుకునే పెట్టెకీ ఇదే పద్ధతి. వైర్లని విడివిడిగా దువ్వి, ఒక్కొక్కదాని చుట్టూ గ్రీజు పట్టించి, ఆ తర్వాత నొక్కాలి. లోపల ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి.

పెట్టెలో రిసీవర్ పెట్టవచ్చు. ఈఎస్‌సీ పెట్టకూడదు. గాలి ఆడని డబ్బాలో అది ఐదు నిమిషాల పరుగుకే చేతితో ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. పడవలో రిసీవర్ యాంటెన్నా విషయం కూడా చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం నీటిలోంచి దాదాపు వెళ్లదు. కాబట్టి యాంటెన్నా చివర ఉండే సుమారు 31 మిల్లీమీటర్ల సన్నటి భాగం నీటి మట్టానికి పైన, వీలైతే డెక్ మీద చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నిలబెట్టి ఉంచాలి. ఆ భాగాన్ని కత్తిరించకండి, మడవకండి. కార్బన్ ఫైబర్ పడవైతే లోపల ఉంచితే పని చేయదు, తప్పనిసరిగా బయటికి తీయాలి.

బోర్డు మీద పూసే కోటింగ్

నేను డబ్బు పెట్టమనేది ఇక్కడే. కన్ఫార్మల్ కోటింగ్ అంటే సర్క్యూట్ బోర్డు మీద పల్చటి పారదర్శక పొర. పిన్ను నుంచి పిన్నుకి నీరు వంతెన కట్టకుండా అది అడ్డుపడుతుంది. బోర్డు తడిసినా నడుస్తుంది, పైన మూసేసింది ఏమీ లేదు కాబట్టి త్వరగా ఆరుతుంది కూడా. బెలూన్‌కీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ ఆరడంలోనే ఉంది.

మనకి అందుబాటులో ఉండేవి ముఖ్యంగా రెండు రకాలు. అక్రిలిక్ రకం త్వరగా ఆరుతుంది, పూయడం తేలిక, తర్వాత రిపేరు చేయాల్సి వస్తే సాల్వెంట్‌తో చెరిగిపోతుంది, సోల్డరింగ్ ఐరన్ కూడా దాని మీదుగానే పెట్టవచ్చు. ఎక్కువసేపు నీటిలో నానితే మాత్రం బలహీనపడుతుంది. సుమారు 125 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సిలికోన్ రకం మెత్తగా, రబ్బరులా సాగుతుంది. 200 డిగ్రీల దాకా వేడిని ఓర్చుకుంటుంది, ఉప్పు గాలిలోనూ బాగా నిలుస్తుంది. దాన్ని తీయాలంటే మాత్రం చాలా ఓపిక కావాలి. ఎంజీ కెమికల్స్ వాళ్ల 419 అక్రిలిక్, 422 సిలికోన్ రకాలు హాబీ చేసేవాళ్లలో బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిసారి చేసేవాళ్లు అక్రిలిక్ తీసుకోండి, తప్పు చేసినా దిద్దుకోవచ్చు. సముద్రంలో నడిపేవాళ్లు సిలికోన్ తీసుకోండి.

పూసే పద్ధతి చెబుతాను, ఎందుకంటే చాలా కోటింగ్‌లు ఇక్కడే దెబ్బతింటాయి. రిసీవర్ డబ్బా విప్పి, బోర్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడగండి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో నీరూ వేరే పదార్థాలూ కలిసి ఉంటాయి, అది వద్దు. వేలిముద్రల జిడ్డు మీద కోటింగ్ అంటదు. బాగా ఆరాక పిన్నులకి, బైండ్ బటన్‌కి (రిమోట్‌తో జతచేసే బటన్‌కి) మాస్కింగ్ టేపు వేయండి. పిన్నుల్లోకి కోటింగ్ దిగితే ప్లగ్ పెట్టినా కరెంటు అందదు. స్ప్రే కంటే చిన్న బ్రష్‌తో పూయడం మంచిది, చిప్ కాళ్ల కిందికి వెళ్లేలా నాలుగు వైపుల నుంచీ తోయవచ్చు. ఒకటే మందపాటి పొర వేస్తే లోపల బుడగలు మిగులుతాయి. రెండు పల్చటి పొరలు, మొదటిది ఆరాకే రెండోది. ఈ కోటింగ్‌లలో చాలావాటికి అతినీల కాంతిలో మెరిసే రంగు కలిపి ఉంటుంది. కరెన్సీ నోట్లు చూడటానికి షాపుల్లో వాడే ఊదా రంగు లైటు కింద బోర్డు పెడితే, కోటింగ్ ఉన్న చోటు నీలంగా వెలుగుతుంది. నల్లగా కనిపించిన చోట మళ్లీ పూయండి. ఎన్నిసార్లు చేసినా నాకు ఆ లైటు కింద కొత్త ఖాళీలు కనిపిస్తూనే ఉంటాయి, ముఖ్యంగా కెపాసిటర్ల నీడ పడే పక్కన.

గోళ్ల రంగు గురించి చాలామంది అడుగుతారు. పారదర్శకమైన నెయిల్ పాలిష్ మంచినీటిలో నడిచే చిన్న పడవ రిసీవర్‌కి పనికొస్తుంది. ఎండితే పెళుసు, అదురుకి పగుళ్లు పడతాయి. రెండు మూడు నెలలకి ఒకసారి చూసి మళ్లీ వేయాలి. మెరుపులు కలిపిన రకం అసలు వాడకండి. ఉప్పునీటికి ఏ నెయిల్ పాలిష్ అయినా వద్దు.

నూనెలు, గ్రీజులు

కరోజన్‌ఎక్స్ లాంటి నూనెలో బోర్డుని ముంచి ఆరబెట్టే పద్ధతి అమెరికా పడవల వాళ్లలో చాలాకాలంగా ఉంది. నూనె నీటిని తోసేసి లోహానికి అతుక్కుని ఉంటుంది. దీని గొప్పతనం ఏమిటంటే, కోటింగ్ వేయకూడని కదిలే భాగాలకీ, కనెక్టర్లకీ కూడా ఇది పనికొస్తుంది. దుమ్ము పట్టడం, కొంతకాలానికి కొట్టుకుపోవడం దీని లోపాలు. సీజన్‌లో రెండుమూడుసార్లు మళ్లీ వేయాల్సిందే. ఇంకో చికాకు, హ్యాచ్ అంచుకి ఆ నూనె అంటితే టేపు నిలవదు.

డబ్ల్యూడీ-40 ఇంట్లో ఉంది కదా అని దాన్నే కొట్టేవాళ్లు ఎక్కువ. 1953లో తయారైన ఆ ద్రవం పేరులోనే నీటిని తొలగించడం అనే మాట ఉంది, 40వ ప్రయత్నంలో కుదిరింది కాబట్టి ఆ అంకె. తడిసిన లోహం మీద నీటిని తోసేయడానికి అది మంచిదే. ఎక్కువ భాగం ఆవిరైపోయి చాలా పల్చటి పొర మిగులుతుంది. తడిసిన తర్వాత వాడే మందు అనుకోండి. వారం తర్వాతి పరుగుకి అది రక్షణ ఇవ్వదు.

వరస తప్పకండి. ముందు కోటింగ్, అది పూర్తిగా గట్టిపడ్డాకే నూనె. నూనె తగిలిన బోర్డు మీద ఏ కోటింగూ నిలవదు.

డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజుకి నేను పెద్ద అభిమానిని. చిన్న ట్యూబు ఏళ్ల తరబడి వస్తుంది. రిసీవర్ పిన్నుల గూళ్లలో కాస్త నింపి ప్లగ్ నొక్కితే, లోహం లోహానికి తగిలే చోట గ్రీజు పక్కకి జరుగుతుంది, మిగతా ఖాళీ అంతా నిండి నీటికి చోటు ఉండదు. అన్ని చోట్లా కనెక్టర్లకి ఇదే నా ఎంపిక.

ఎపాక్సీ, హాట్ గ్లూ, సిలికోన్ సీలెంట్

ఈ మూడింటిలో ఏదీ బోర్డు మీద పోయమని చెప్పను. ఎరాల్డైట్ లాంటి ఎపాక్సీలో రిసీవర్‌ని పాతేస్తే నీరు రాదు, నిజమే. కానీ ఒక్క వైరు ఊడినా మొత్తం పారేయాలి. ఈఎస్‌సీలో అయితే వేడి లోపలే ఉండిపోతుంది. హాట్ గ్లూ నున్నటి బోర్డు మీద గట్టిగా అంటదు. అంచు కొంచెం లేస్తే దాని కింద నీరు చేరి అక్కడే కూర్చుంటుంది. ఎండలో ఉన్న పడవలో మెత్తబడుతుంది కూడా.

సిలికోన్ సీలెంట్ విషయంలో ఒక హెచ్చరిక. హార్డ్‌వేర్ షాపులో చవకగా దొరికే రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం. రాగిని తింటుంది. నీటి నుంచి కాపాడదామని పూసిన పొర కిందే తుప్పు మొదలవుతుంది. పడవ ప్లాస్టిక్ భాగాలకి వాడుకోండి, ఎలక్ట్రానిక్స్ దగ్గరైతే న్యూట్రల్ అని రాసి ఉన్న రకం మాత్రమే అడిగి తీసుకోండి.

కంపెనీ వాటర్‌ప్రూఫ్ అని అమ్మేవి

ఐపీ అంటే దుమ్ము, నీరు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఐపీ67 అని ఉంటే మీటరు లోతు మంచినీటిలో, కదలకుండా, 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. ఉప్పునీటి గురించి, వేగంగా కొట్టే నీటి గురించి అది ఏమీ చెప్పదు. ఐపీఎక్స్4 అంటే తుంపర్లకే. ఉత్త వాటర్‌ప్రూఫ్ అనే మాట ఉండి అంకె లేకపోతే నేను తుంపర్లకి మాత్రమే అనుకుంటాను.

అయినా రెండు వస్తువుల విషయంలో కంపెనీ సరుకే కొనమంటాను. ఒకటి ఈఎస్‌సీ. హాబీవింగ్ సీకింగ్ లాంటి పడవల ఈఎస్‌సీల్లో నీటితో చల్లబరిచే గొట్టం లోపలే అమర్చి ఉంటుంది. వేడినీ, నీటినీ కలిపి ఆలోచించి చేసిన వస్తువు అది. కారు ఈఎస్‌సీకో డ్రోన్ ఈఎస్‌సీకో ఇంట్లో కోటింగ్ పూసి పడవలో పెడితే నీటిని తట్టుకుంటుందేమో గానీ, వేడిని తట్టుకోదు. డబ్బు చూసుకుని కొన్ని నెలలు ఆగి అయినా సరైన ఈఎస్‌సీ కొనండి.

రెండోది సర్వో. మామూలు సర్వోకి నీరు దూరే చోట్లు చాలా ఉంటాయి: పైన తిరిగే ఇరుసు, డబ్బా మూడు ముక్కలు కలిసే రెండు గీతలు, వైరు వచ్చే రంధ్రం, అడుగున నాలుగు స్క్రూలు. లోపల కోణం కొలిచే పొటెన్షియోమీటర్ ఉంటుంది, దానిలోకి కోటింగ్ వెళ్లిందంటే సర్వో తన కోణం తెలియక వణుకుతూనే ఉంటుంది. హైటెక్ హెచ్‌ఎస్-646డబ్ల్యూపీ, సావోక్స్ ఎస్‌డబ్ల్యూ-0231ఎంజీ లాంటివి నీటి కోసమే చేసినవి. అంత పెట్టలేకపోతే ఉన్న సర్వోనే విప్పి, బోర్డుకి మాత్రం కోటింగ్ పూసి, గేర్ల పైన గ్రీజు నింపి, హార్న్ (ఇరుసుకి బిగించే చిన్న చేయి) కింద ఇరుసుకి సరిపోయే చిన్న ఓ-రింగ్ పెట్టండి. గీతల మీద లిక్విడ్ టేపు (ఆరాక రబ్బరులా మారే ద్రవం) పూయండి. మంచినీటికి ఇది చాలు. నా పాత పడవలో అలా చేసిన సర్వో రెండు వానాకాలాలు చూసింది.

మోటారు గురించి చాలామందికి అనవసరమైన టెన్షన్. బ్రష్‌లెస్ మోటారు తీగల మీద ఎనామిల్ పూత ఉంటుంది, నీటిలో మునిగి తిరిగినా దానికి ఏమీ కాదు. పోయేది బేరింగులు. ప్రతి పరుగు తర్వాత రెండు చుక్కల నూనె వేయండి. సెన్సర్ ఉన్న మోటారు లోపల చిన్న బోర్డు ఉంటుంది, పడవకి అది వద్దు. బ్రష్ మోటారుకి కోటింగ్ ఎక్కడా వేయకూడదు, కమ్యుటేటర్ (బ్రష్‌లు తాకే లోహపు భాగం) మీద పడితే మోటారు ఆగిపోతుంది.

బ్యాటరీలో అందరూ మర్చిపోయేది బ్యాలెన్స్ ప్లగ్, అంటే ఛార్జర్ ఒక్కో సెల్‌ని విడిగా చూసుకోవడానికి ఉండే చిన్న ప్లగ్. పెద్ద కనెక్టర్‌ని జాగ్రత్తగా చూసుకుంటారు, ఈ తెల్ల ప్లగ్‌ని పడవ అడుగున అలాగే వదిలేస్తారు. దాని పిన్నులు తెరిచి ఉంటాయి, పక్కపక్క పిన్నుల మధ్య పూర్తి ఛార్జిలో 4.2 వోల్టులు ఉంటాయి. ఉప్పునీరు తగిలితే ముందు తినేసేది ఇదే. అక్కడ మురికి పట్టాక ఛార్జర్ సెల్ వోల్టేజీని తప్పుగా చదువుతుంది, అదీ ప్రమాదం. గ్రీజు పెట్టి, టేపు చుట్టి, పైకి లేపి కట్టండి.

మీ పడవకి ఏది

పిల్లల బొమ్మ పడవైతే బోర్డు మీద నెయిల్ పాలిష్ లేదా అక్రిలిక్ ఒక పొర, మూతకి టేపు, అంతే. ఒక్క జాగ్రత్త: ఇలాంటి చాలా పడవల అడుగున రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. రెండూ నీటిని తాకితేనే మోటారు తిరుగుతుంది, పిల్లల వేళ్లు ప్రొపెల్లర్‌లో పడకుండా పెట్టిన ఏర్పాటు. వాటి మీద ఏమీ పూయకండి, పూస్తే పడవ కదలదు.

డ్రాగన్‌ఫోర్స్ 65 లాంటి తెరచాప పడవకి వేడి సమస్య లేదు, వేగమూ తక్కువ. అక్కడ పెట్టె పద్ధతి చక్కగా పని చేస్తుంది, డెక్ రంధ్రాల మీద అతికే గుడ్డ పట్టీలు ప్రతిసారీ కొత్తవి వేసుకుంటే చాలు. అయితే ఈ పడవలు గంటల తరబడి నీటిలో ఉంటాయి, చుక్క చుక్కగా చేరింది చివరికి చాలా అవుతుంది. రిసీవర్‌కి కోటింగ్ వేసి, అడుగున కాకుండా పైన అతికించండి.

చెరువులో వేగంగా నడిపే బ్రష్‌లెస్ పడవకి నా వరస ఇది: పడవల ఈఎస్‌సీ, కూలింగ్ జాయింట్లకి జిప్ టైలు, రిసీవర్‌కి అక్రిలిక్ రెండు పొరలు, కనెక్టర్లకి గ్రీజు, హ్యాచ్‌కి టేపు. డబ్బు మిగిలితే వాటర్‌ప్రూఫ్ సర్వో. రిసీవర్‌కి పెట్టె అక్కర్లేదు, వెల్క్రోతో గోడకి ఎత్తుగా అతికించి గాలి తగిలేలా వదిలేయండి. పడవ ముక్కులోనూ పక్కలనూ ఫోమ్ ముక్కలు కూరండి. బోర్లా పడినా మునగకుండా ఉంటేనే తర్వాత కాపాడుకోవడానికి ఏదైనా మిగులుతుంది.

సముద్రం, ఉప్పుటేరు అయితే అక్రిలిక్ బదులు సిలికోన్, పైన పెట్టె, కనెక్టర్లన్నిటికీ గ్రీజు, బేరింగులకి నూనె. వీటిలో ఏదీ తగ్గించకండి. అలా చేసినా ప్రతి పరుగు తర్వాత మంచినీళ్లతో కడగడం తప్పదు. ఆ ఓపిక ఉండదు అనుకుంటే ఉప్పునీటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అయినా తడిస్తే

ఒడ్డుకి రాగానే మొదట బ్యాటరీ తీయండి. పని చేస్తోందో లేదో అని ఆన్ చేసి చూడకండి, చాలా బోర్డులు ఆ చూడటంలోనే పోతాయి. ఉప్పునీరైతే వెంటనే మంచినీటితో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, పెట్రోల్ బంకుల్లోనూ దొరుకుతుంది. ఆరిన బోర్డుని మళ్లీ తడపడమేమిటని భయం వేస్తుంది, కానీ లోపల మిగిలిన ఉప్పు గాలిలో చెమ్మని లాగుతూ రోజుల తరబడి తింటూనే ఉంటుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఫ్యాన్ ముందు ఒక రోజు ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఫ్యాన్ గాలికి మించి ఒరిగేది లేదు, పైగా పిండి సందుల్లో చేరుతుంది.

ఉప్పునీటిలో మునిగిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఇంట్లోకి తేకండి. ఆరుబయట, మండేవి ఏవీ లేని చోట ఉంచి గమనించండి. ఉబ్బినా, వేడెక్కినా, కవరు చిరిగినా దాన్ని మళ్లీ ఛార్జి చేయకండి.

ఇంతా చేశాక, కొత్త పడవని చెరువులోకి దించేముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. రిసీవర్, ఈఎస్‌సీ, బ్యాటరీ అన్నీ బయటికి తీసి, బ్యాటరీ బరువుకి సరిపడా ఇసుక సంచి పెడతాను. పడవ అడుగున ముక్కు నుంచి తోక దాకా టిష్యూ కాగితాలు పరిచి, హ్యాచ్‌కి టేపు వేసి, నీళ్ల తొట్టిలో పది నిమిషాలు ఒత్తి పెట్టి, రెండుసార్లు బోర్లా తిప్పుతాను. కూలింగ్ గొట్టంలోకి పైపుతో నీరు పంపుతాను. తర్వాత మూత తీసి ఏ కాగితం తడిసిందో చూస్తాను. తోక దగ్గరిది తడిస్తే షాఫ్ట్ లేదా బెల్లోస్, మధ్యలోది తడిస్తే గొట్టం జాయింటు, అంచుల వెంట తడిస్తే టేపు. ఆ కాగితాలన్నీ పొడిగా వచ్చిన రోజు ఎలక్ట్రానిక్స్ లోపల పెడతాను.